కళాప్రదర్శన సమీక్ష రాయడం ఎలా: ఒక్క శిల్పం ముందు ఇరవై నిమిషాలు

మన పత్రికల్లో, ఫేస్‌బుక్‌లో వచ్చే చాలా ప్రదర్శన సమీక్షలు ఒకే మూసలో ఉంటాయి. చిత్రకారుడు ఎక్కడ పుట్టాడు, ఎక్కడ చదివాడు, జ్యోతి ప్రజ్వలన ఎవరు చేశారు, గోడల మీద ఎన్ని బొమ్మలున్నాయి, చివర్లో "కళాభిమానులు తప్పక చూడాలి". చదవడం అయిపోయాక ఒక్క బొమ్మ కూడా కళ్ల ముందు నిలవదు. రాసినవాళ్లకు ఆసక్తి లేక ఇలా జరగదు. అన్నింటి గురించీ తలా కాస్త చెప్పేయాలనుకోవడం వల్ల జరుగుతుంది.

నేను చెప్పే పద్ధతిలో ప్రదర్శన అంతా తిరుగుతారు, కానీ ఒక్క కళాఖండం ముందు చాలాసేపు నిలబడతారు. దాన్ని బాగా చూస్తే మిగతా ప్రదర్శన గురించి ఏం అడగాలో తెలిసిపోతుంది. బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ)లోనో జర్నలిజంలోనో అసైన్‌మెంట్‌గా ఇచ్చినా, సొంత ఇష్టంతో రాస్తున్నా పని ఇదే. ఉదాహరణగా హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని మేలిముసుగు రెబెకాను తీసుకుంటాను. స్కూలు టూర్‌లోనో, చుట్టాలు ఊరి నుంచి వచ్చినప్పుడో మనలో చాలామంది చూసిన శిల్పమే. "రాతిలో ముసుగు ఎలా చెక్కాడో చూడు!" అనుకుని ముందుకు కదిలిపోతాం. సమీక్షకుడి పని మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

వెళ్లే ముందు

ఒక పది నిమిషాలు చాలు. అది ఒకే కళాకారుడి ప్రదర్శనా, బృంద ప్రదర్శనా, ఎవరైనా క్యూరేటర్ ఒక అంశం చుట్టూ ఏర్చి కూర్చిందా, లేక మ్యూజియంలో శాశ్వతంగా ఉండే గదా అన్నది తెలుసుకోండి. ఒక్కరి ప్రదర్శన అయితే ఆ మనిషి పని ఎలా మారుతూ వచ్చిందని చూస్తాం. బృంద ప్రదర్శన అయితే వీళ్లనే ఎందుకు ఒకచోట చేర్చారని అడుగుతాం. అంతకుమించి చదవకండి. ముఖ్యంగా వేరేవాళ్లు రాసిన సమీక్షలు ముందే చదివితే వాళ్లు చూసిందే మీకూ కనిపిస్తుంది.

ప్రారంభోత్సవం రోజు సాయంత్రం మనుషులు కనిపిస్తారు తప్ప బొమ్మలు కనిపించవు. కళాకారుణ్ని కలవాలంటే ఆ రోజు వెళ్లండి, చూడటానికి మాత్రం మామూలు రోజు పొద్దున ఇంకోసారి వెళ్లండి. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. అక్కడ మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే జనమంతా సంగీత గడియారం దగ్గరికి చేరతారు, అన్నిటికన్నా ఎక్కువ గంటలు కొట్టేది అప్పుడే కాబట్టి. మిగతా గదులు కాస్త ఖాళీ అవుతాయి. రెబెకా దగ్గర తీరిగ్గా నిలబడటానికి మంచి సమయం అది.

చిన్న నోట్‌బుక్, పెన్సిల్ తీసుకెళ్లండి. కళావస్తువుల దగ్గర పెన్ను కంటే పెన్సిలే మేలు, పొరపాటున తగిలినా సిరా మరక పడదు. దగ్గరి చూపుకి కళ్లజోడు వాడేవాళ్లు అది మర్చిపోవద్దు. ఫోటోలకు అనుమతి ఉందో లేదో గేటు దగ్గరే అడగండి. ఉన్నా ఫ్లాష్ వద్దు.

మొదటి చుట్టు

మొదటిసారి ఏమీ రాయకుండా, గోడ మీద చీటీలు చదవకుండా, ఫోన్ బయటికి తీయకుండా మొత్తం తిరగండి. కాళ్లు ఎక్కడ ఆగాయో గమనించండి. వెనక్కి తిరిగి మళ్లీ చూసినవి ఏవి, చూడకుండానే దాటేసినవి ఏవి? తిరగడం అయ్యాక ఎక్కడైనా బెంచీ మీద కూర్చుని, గుర్తున్నవి మాత్రమే రాసుకోండి. పేర్లు తెలియకపోయినా పర్వాలేదు. "మూలన ఉన్న నల్ల గుర్రం", "ఎర్ర చీర, తల పక్కకి తిప్పుకుంది" అని రాసుకున్నా చాలు. అందరూ గొప్పదన్న బొమ్మ ఈ జాబితాలో లేకపోతే కంగారుపడకండి. అది ఎందుకు నిలవలేదన్నది కూడా తర్వాత రాయదగ్గ విషయమే.

రెండో చుట్టు: గదిని చదవండి

చాలా సమీక్షల్లో పూర్తిగా వదిలేసే భాగం ఇది. కళాఖండం వేరు, ప్రదర్శన వేరు. బొమ్మ కళాకారుడిది. దాన్ని ఎక్కడ పెట్టాలి, పక్కన ఏముండాలి, ఎంత ఎత్తులో, ఏ వెలుగులో, కింద చీటీ మీద ఏం రాయాలి అన్నవి మరొకరి నిర్ణయాలు. ప్రదర్శన సమీక్ష అంటే ఆ నిర్ణయాలను కూడా తూచడం.

సాలార్‌జంగ్‌లోనే మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట శిల్పం చూడండి. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పని. ఒకే చెక్క దుంగకు ముందువైపు దర్పంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తల వంచుకుని చేతిలో ప్రార్థన పుస్తకంతో మార్గరెట్టా. ఇద్దరూ జర్మన్ కవి గోథే రాసిన ఫౌస్ట్ నాటకంలోని పాత్రలు, అతను సైతాను, ఆమె అమాయకురాలు. శిల్పం వెనక ఒక అద్దం ఉంటుంది. దానివల్ల ఎదురుగా నిలబడ్డ చోటి నుంచే ఇద్దర్నీ ఒకేసారి చూడగలం. అద్దం లేకపోతే మనమే చుట్టూ నడవాలి. అప్పుడు ఒకరు కనిపిస్తున్నంతసేపు మరొకరు కనిపించరు, వెనక్కి వెళ్లేదాకా అక్కడ ఒక అమ్మాయి ఉందని కూడా తెలియదు. అద్దం పోలికను సులువు చేసింది, నడుస్తూ కనుక్కునే ఆశ్చర్యాన్ని తగ్గించింది. నా ఉద్దేశంలో అంతమంది జనం వచ్చే చోట అద్దమే సరైన నిర్ణయం. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఇలాంటి వాదన నాలుగు వాక్యాల్లో రాయగలిగితే అది సమీక్ష అవుతుంది.

ఇంకో ఉదాహరణ మన ఇంటిదే, చేర్యాల నకాషీ పటం. గుడ్డ మీద ఎర్రటి నేల, దాని మీద అడ్డంగా వరసలు వరసలుగా బొమ్మలు. మూడడుగుల వెడల్పు, పొడవు పదుల అడుగులు. ఇది గోడకి తగిలించడానికి పుట్టింది కాదు. పటం కథకులు ఊళ్లో దాన్ని వేలాడదీసి, ఒక్కో వరసా విప్పుతూ, పాడుతూ కథ చెప్పేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే హక్కున్న కథకుల బృందం ఒకటి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు చెబుతారు, మాదిగలకు జాంబ పురాణం డక్కలివాళ్లు చెబుతారు. ఆ పటమే గ్యాలరీలోకి వస్తే ఏమవుతుంది? పాట ఉండదు. చాలాసార్లు పటంలో ఒక ముక్కే కనిపిస్తుంది. అందుకే అలాంటి ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఇవి చూడండి: ఇది ఏ కులం కథ అని చీటీలో ఉందా? ఎవరు పాడేవారో చెప్పారా? కథ ఎటు నుంచి ఎటు నడుస్తుందో చూసేవాళ్లకు తెలుస్తోందా? పాట రికార్డింగ్ అయినా వినిపిస్తున్నారా? "సంప్రదాయ జానపద చిత్రం, సహజ రంగులు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, బొమ్మ ఎంత బాగున్నా ఆ ప్రదర్శన తన పని సగమే చేసిందని రాయడానికి వెనుకాడకండి.

చీటీలు తెలుగులో ఉన్నాయా అన్నది కూడా తప్పకుండా రాయండి. మన ఊళ్లో, మన కళ గురించి పెట్టిన ప్రదర్శనలో కూడా తెలుగు లేకపోతే అది చిన్న లోపం కాదు. ఊరి నుంచి వచ్చిన పెద్దాయన ఆ చీటీ ముందు నిలబడి, చదవలేక పక్కకి జరిగితే ఆ ప్రదర్శన ఆయన కోసం పెట్టలేదనే అర్థం.

ఒకదాన్ని ఎంచుకోవడం

మొదటి చుట్టులో గుర్తున్నవాటిలోంచి ఎంచుకోండి. అందంగా అనిపించినదానికంటే, మీలో ఒక ప్రశ్న లేపినదాన్ని ఎంచుకోవడం మంచిది. పూర్తిగా అర్థమైపోయినదాని గురించి రెండో పేరాకే మాటలు అయిపోతాయి. అస్సలు తలకెక్కనిదీ వద్దు. ఇక ఇరవై నిమిషాలు అడ్డం లేకుండా నిలబడే చోటు అక్కడ ఉండాలి.

ఇరవై నిమిషాలు

గడియారం చూసుకుని నిలబడండి. మొదటి ఐదు నిమిషాలూ కనిపిస్తున్నవి మాత్రమే రాయండి. "అందమైన", "సజీవమైన", "అద్భుతమైన" లాంటివి వద్దు. ఉన్న వస్తువులు, వాటి రంగు, అవి ఎటు తిరిగి ఉన్నాయి, దేనికి ఏది తగులుతోంది, అంతే. రెబెకా ముందు నిలబడితే నోట్సు ఇలా ఉంటుంది:

"తెల్ల పాలరాయి. నిలబడ్డ యువతి, ఇంచుమించు మనిషి ఎత్తు. తల కొద్దిగా వంగి ఉంది. ముసుగు నెత్తి మీద నుంచి ముఖం మీదుగా జారింది. దాని కింద ముక్కు, పెదవులు, గడ్డం తెలుస్తున్నాయి. కళ్లు కిందికి వాలి ఉన్నాయి, నేను ఎక్కడ నిలబడ్డా నన్ను చూడటం లేదు. ఒక చెయ్యి గుండెల దగ్గర బట్టను పట్టుకుంది. ముఖం దగ్గర బట్ట పలచన. కింద కాళ్ల దగ్గర బట్ట మందం, మడతలు లోతు."

ఇది చదివితే చాలా మామూలుగా ఉంటుంది. కానీ చివరి రెండు వాక్యాలు చూడండి. రాయి ఒకటే, బట్టలు రెండు రకాలు. ఇక్కడే ప్రశ్న పుట్టింది. ఐదు నిమిషాల తర్వాత ఇలాంటిదేదో ఒకటి దొరుకుతుంది, దొరక్కపోతే ఇంకో ఐదు నిమిషాలు ఆగండి.

తర్వాత కదలండి. శిల్పం అయితే వీలైనంత మేర చుట్టూ తిరగండి, పక్క నుంచి చూడండి, కాస్త వంగి కింది నుంచి చూడండి. చిత్రమైతే బాగా దగ్గరికి వెళ్లి కుంచె గీతలు చూడండి, పది అడుగులు వెనక్కి వచ్చి మళ్లీ చూడండి. బొమ్మ వెయ్యడం రాకపోయినా పెన్సిల్‌తో ఒక గజిబిజి గీత గీయండి. గీస్తే తప్ప చెయ్యి ఎక్కడుందో, తల ఎంత వంగిందో మన కళ్లు నిజంగా పట్టించుకోవు. ఆ గీతను ఎవరికీ చూపించనక్కర్లేదు.

అది ఎలా చేశాడో కనిపెట్టండి

కళాఖండాన్ని విశ్లేషించడమంటే పెద్ద సిద్ధాంతాలేమీ అక్కర్లేదు. మీకు కలిగిన అనుభూతికి కారణం ఆ వస్తువులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగితే చాలు.

రెబెకా ముసుగు పారదర్శకంగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ పారదర్శకమైనదేమీ లేదు. ముసుగుకూ ముఖానికీ మధ్య ఖాళీ లేదు, వెనక విడిగా చెక్కిన ముఖమూ లేదు. ఉన్నది ఒక్కటే ఉపరితలం. శిల్పి ముఖాన్ని కొంచెం మెత్తబరిచి, వివరాలు తగ్గించి చెక్కాడు. దాని మీదుగా సన్నని మడతల గట్లను ముక్కు, బుగ్గలు పట్టించుకోకుండా తమ దారిన తాము సాగేలా పోనిచ్చాడు. మన కన్ను ఆ గట్లను "బట్ట" అని, వాటి మధ్య ఎత్తుపల్లాలను "ముఖం" అని విడదీసుకుంటుంది. రెండు పొరలున్నాయన్నది మన కళ్లు కల్పించుకున్నదే. పాలరాయి గుణం కూడా ఇందులో పనిచేస్తుంది. వెలుగు ఆ రాయి పైపొరలోకి కాస్త చొరబడి బయటికి వస్తుంది కాబట్టి నీడల అంచులు మెత్తగా ఉంటాయి. అదే నల్లరాతిలో ఇంత పలచదనం రాదు.

ఇప్పుడు గది సంగతికి వద్దాం. ఆ గట్లు సన్ననివి కాబట్టి వెలుగు పక్క నుంచి పడితేనే వాటి నీడ పడుతుంది. సూటిగా ఎదురుగా పడితే ముసుగు చప్పబడుతుంది. మీరు వెళ్లిన రోజు లైట్లు ఎటు నుంచి పడుతున్నాయో, మీరు కదిలితే ముసుగు పలచబడుతోందో మందమవుతోందో రాసుకోండి. శిల్పం గురించి రాస్తూనే ప్రదర్శన గురించి రాయడమంటే ఇదే.

చిత్రలేఖనమైతే ఇదే పనికి వేరే ప్రశ్నలుంటాయి. కన్ను మొదట ఎక్కడ పడింది, అక్కడి నుంచి ఎటు నడిచింది? వెలుగు ఏ దిక్కు నుంచి వస్తోంది, లేక అసలు నీడలే లేవా? తోట వైకుంఠం గీసే తెలంగాణ స్త్రీలను తీసుకోండి. నిండు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, పెద్ద బొట్టు, ఒంటినిండా నగలు. ఆ రంగుల్లో మసక ఉండదు, కలగాపులగం ఉండదు. ఆ మనుషులు అంత స్థిరంగా, అంత ధీమాగా కనిపించడానికి అదొక కారణం అని నేను అంటాను. నైరూప్య చిత్రమైతే "ఇదేంటి?" అని అడగడం మానేసి, ఏ రంగు ముందుకొస్తోంది, ఏది వెనక్కి పోతోంది, అంచులు పదునుగా ఉన్నాయా చెదిరిపోయాయా అని చూడండి. చెప్పడానికి చాలా దొరుకుతుంది.

కథ, కాలం, చేతులు మారిన వైనం

ఇప్పుడు చదవండి, ముందు కాదు. కళ్లతో చూసిన ప్రశ్నలు చేతిలో ఉంటే చదివిందాంట్లో ఏది పనికొస్తుందో తెలుస్తుంది.

రెబెకా బైబిల్ పాత్ర. తెలుగు బైబిల్లో రిబ్కా పేరుతో ఆదికాండము 24వ అధ్యాయంలో ఉంది. అబ్రాహాము తన కొడుకు ఇస్సాకుకు పెళ్లికూతుర్ని వెతకమని సేవకుణ్ని పంపుతాడు. బావి దగ్గర రిబ్కా ఆ ముసాఫిరుకీ, అతని ఒంటెలకీ నీళ్లు తోడి పోస్తుంది. పెళ్లికి ఒప్పుకుని అతనితో బయలుదేరుతుంది. దారి చివర పొలంలో ఎదురొస్తున్న మనిషి ఇస్సాకే అని తెలియగానే ఒంటె దిగి ముసుగు వేసుకుంటుంది. ఈ కథ తెలిశాక నోట్సు మళ్లీ చదవండి. వంగిన తల, వాలిన కళ్లు, గుండెల దగ్గర చెయ్యి, అన్నీ ఒక క్షణంలోకి వచ్చి చేరతాయి. కాబోయే భర్తను మొదటిసారి చూసిన క్షణం అది. ముసుగు శిల్పి నైపుణ్యం చూపించడానికి పెట్టిన అలంకారం మాత్రమే అనుకుంటే పొరపాటు, కథలో జరిగే పని కూడా అదే.

చెక్కింది ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని. 1809లో పుట్టాడు, రోమ్‌లో పెద్ద శిల్పశాల నడిపాడు, 1873లో చనిపోయాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని శిల్పాన్ని నిజాం ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో కొన్నారు. అంటే శిల్పి పోయిన మూడేళ్లకు. ఇంకో సంగతి, మేలిముసుగు రెబెకా ఇదొక్కటే కాదు. బెంజోని శిల్పశాల నుంచి వచ్చిన ప్రతులు అమెరికాలోని డెట్రాయిట్, అట్లాంటా మ్యూజియంలలో కూడా ఉన్నాయి. అట్లాంటా, డెట్రాయిట్ వైపు ఉండే తెలుగువాళ్లు వారాంతంలో వెళ్లి పోల్చి చూడొచ్చు. ఆ రోజుల్లో రోమ్ శిల్పశాలల్లో పని ఇలా జరిగేది: శిల్పి మట్టిలో నమూనా చేస్తాడు, దాన్నుంచి ప్లాస్టర్ పోత తీస్తారు, కొలతల పరికరంతో ఆ పోత మీది బిందువులను రాతి మీదికి మార్చుకుంటూ పనివాళ్లు చెక్కుతారు. కాబట్టి "బెంజోని చేతి మహిమ" అని రాసే ముందు ఒక్క క్షణం ఆగండి. రూపం ఆయనది. మన ముందున్న రాతి మీద పేరు తెలియని పనివాళ్ల ఉలి దెబ్బలు కూడా ఉండి ఉంటాయి. నాకైతే ఆ విషయం తెలిశాక ఆ శిల్పం మీద గౌరవం పెరిగింది.

ఇక్కడ ఒక క్రమశిక్షణ పాటించండి. నోట్‌బుక్‌లో చూసింది, చదివి తెలుసుకున్నది, ఊహించింది మూడూ విడివిడిగా రాసుకోండి. "తల వంగి ఉంది" అన్నది చూసింది. "1876లో కొన్నారు" అన్నది తెలుసుకున్నది. "పరదా పద్ధతి ఉన్న హైదరాబాద్ నుంచి వెళ్లిన మంత్రికి, రోమ్‌లో అన్ని శిల్పాల మధ్య ఈ ముసుగు వేసుకున్న అమ్మాయి ప్రత్యేకంగా తోచి ఉండొచ్చు" అన్నది ఊహ. ఊహలు రాయకూడదని కాదు, సమీక్షకు రుచి తెచ్చేవి అవే. కానీ "అనిపిస్తుంది", "కావచ్చు" అని రాయాలి. ఊహను నిజంలా రాస్తే అది నాలుగు చోట్లకు పాకి, పదేళ్లకు చరిత్ర అయి కూర్చుంటుంది.

అభిప్రాయం చెప్పడం

ఇక్కడ మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. బాగాలేదంటే ఎవరైనా నొచ్చుకుంటారేమో, బాగుందంటే కాకా పట్టినట్టు ఉంటుందేమో అని టెన్షన్. కారణం చూపిస్తే రెండింటికీ భయపడనక్కర్లేదు.

రెబెకా మీద నా అభిప్రాయం ఇది. ముసుగు చెక్కిన తీరు ఎంతసేపు చూసినా తనివి తీరదు. కానీ ముసుగు కింది ముఖం ఫలానా అమ్మాయిది అనిపించదు. అప్పటి యూరప్ శిల్పాల్లో పదే పదే కనిపించే తీర్చిదిద్దిన ఆదర్శ ముఖమే. భయమో సంతోషమో ఆ ముఖంలో నాకు దొరకలేదు. ఆ భావం చేతిలో ఉంది, బట్టను గుండెలకు దగ్గరగా పట్టుకున్న చేతిలో. జనం ముసుగు చూసి వెళ్లిపోతారు కాబట్టి ఆ చెయ్యి ఎవరి కంటా పడదు. నేను సమీక్ష రాస్తే దాని మీదే రాస్తాను.

నచ్చకపోవడానికీ, చూడలేకపోవడానికీ తేడా ఉందని మాత్రం మర్చిపోవద్దు. అమృతా షేర్‌గిల్ 1936లో దక్షిణాది యాత్రలో భాగంగా హైదరాబాద్‌లో తన చిత్రాలు ప్రదర్శించింది. ఇన్ని వేల కళావస్తువులు సేకరించిన మూడో సాలార్‌జంగ్ ఆమె చిత్రాలు చూశారు, కొనలేదు. అదే యాత్ర తర్వాత 1937లో ఆమె గీసిన "బ్రహ్మచారులు", "పెళ్లికూతురి అలంకరణ" ఇవాళ భారతీయ చిత్రకళలో మైలురాళ్లు. 1976లో భారత ప్రభుత్వం ఆమె చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. యూరప్ పద్ధతి బొమ్మలకు అలవాటుపడ్డ కంటికి ఆమె గీత కొత్త. కొత్త పని ఎదురైనప్పుడు "ఇది నాకు నచ్చలేదు, నేను దేనికి అలవాటుపడి ఇలా అంటున్నాను?" అని ఒకసారి అడగండి. అడిగాక కూడా నచ్చకపోతే నిర్భయంగా రాయండి.

రాయడం

ఆరేడు వందల మాటలు సరిపోతాయి. కళాకారుడి జీవితంతో మొదలుపెట్టకండి, ఎంచుకున్న కళాఖండంలో మీరు గమనించిన ఒక వివరంతో నేరుగా మొదలుపెట్టండి. అక్కడి నుంచి అది ఎలా చేశారన్నదానికి, తర్వాత గది సంగతికి, మిగతా ప్రదర్శనకు వెళ్లండి. కళాకారుడి వివరాలు ఎక్కడ అవసరమైతే అక్కడే ఒకటి రెండు వాక్యాల్లో వస్తాయి. తేదీలు, సమయాలు, టికెట్ సంగతి చివర్న విడిగా ఇవ్వండి. మొదటి పేరా ఇలా ఉండొచ్చు:

"సాలార్‌జంగ్ మ్యూజియంలో రెబెకా ముందు నిలబడ్డవాళ్లంతా ఆమె ముఖం వైపే చూస్తారు. ఒక్కసారి చూపు కిందికి దించితే గుండెల దగ్గర బట్టను పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. ముసుగు ఆమెను దాస్తోంది, ఆ చెయ్యి బయటపెడుతోంది."

ఇందులో పొగడ్త ఒక్కటి కూడా లేదు. అయినా రాసినవాళ్లు చూశారని తెలుస్తుంది, చదివినవాళ్లకు వెళ్లి ఆ చెయ్యి చూడాలనిపిస్తుంది. "కనువిందు", "మంత్రముగ్ధం", "జీవకళ ఉట్టిపడుతోంది" లాంటి మాటలు కలం చివరికి వచ్చినప్పుడల్లా ఆగి, దాని బదులు మీరు నిజంగా చూసిందేమిటో రాయండి.

కళాఖండం పేరు, కళాకారుడి పేరు, సంవత్సరం, దేనితో చేశారు, కొలతలు చీటీ మీద నుంచి అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. నూనె రంగులను అక్రిలిక్ అనో, ముద్రణచిత్రాన్ని పెయింటింగ్ అనో రాస్తే మిగతా సమీక్షంతా నమ్మకం కోల్పోతుంది. రాశాక, ఆ ప్రదర్శన చూడనివాళ్లకు చదివి వినిపించండి. విన్నాక బొమ్మ ఎలా ఉంటుందో చెప్పమని అడగండి. వాళ్లు చెప్పింది అసలుకు దరిదాపుల్లో లేకపోతే వర్ణన భాగం మళ్లీ రాయాలి. నాకు తెలిసి దీనికి మించిన పరీక్ష లేదు.

కళాకారుడు దొరికితే "మీ ప్రేరణ ఏమిటి?" అని అడగకండి, ఆ ప్రశ్నకు అందరూ ఒకే జవాబు చెబుతారు. "ఈ అంచు దగ్గర రంగు గీకేసినట్టుంది, ఎందుకు?" అని అడగండి. పని గురించి అడిగితే చాలామంది కళాకారులు మనసు విప్పి మాట్లాడతారు. స్నేహితుల ప్రదర్శన గురించి రాస్తే ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పేయండి. బొమ్మ పక్కన ఎర్ర చుక్క కనిపిస్తే అమ్ముడుపోయిందని గుర్తు, దానికీ బొమ్మ మంచిచెడ్డలకూ సంబంధం లేదు.

ఎక్కడ సాధన చెయ్యాలి

హైదరాబాద్‌లో ఉంటే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో తరచూ కొత్త ప్రదర్శనలు పడుతుంటాయి. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయిన చిత్రకారుడు ఆయన. అంత కొద్ది కాలంలో చేసిన పనిని ఒకేచోట చూడొచ్చు, ఒక్కరి ప్రదర్శన మీద రాయడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు మన దగ్గర నాకు కనిపించలేదు. విజయవాడలో బాపు మ్యూజియం ఉంది. 

కాస్త చెయ్యి తిరిగాక అమరావతి శిల్పాలను ఎంచుకోండి. పలనాడు సున్నపురాతిలో చెక్కిన ఆ ఫలకాలు ఒకప్పుడు ఆరుబయట, ఎండలో, స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లు చూడటానికి పెట్టినవి. ఇప్పుడు కొన్ని అమరావతిలోనే ఉన్నాయి, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మీరు ఏ ఊళ్లో ఉంటే అక్కడి ఫలకం ఒక్కటి ఎంచుకుని, పైన చెప్పినట్టు ఇరవై నిమిషాలు నిలబడి, అక్కడ వెలుగు ఎలా ఉందో, నడిచి చూడాల్సిన రాతిని నిలబడి చూడాల్సి వస్తే ఏం పోయిందో, చీటీలో స్తూపం గురించి ఎంత చెప్పారో రాయండి. మిగతా రెండు ఊళ్లలో ఉన్న స్నేహితుల చేత కూడా ఇదే పని చేయించి మూడూ పక్కపక్కన పెడితే, ఒకే స్తూపం రాళ్లను మూడు చోట్ల ఎలా చూపిస్తున్నారో తెలుగులో చెప్పిన మంచి సమీక్ష తయారవుతుంది.